వానకంటే ముందొచ్చిన పాముపిల్ల

ఇటు జరుగు గుండూ. కాళ్ళు నా మీద వెయ్యకు, ఏనుగుపిల్ల కాళ్ళు నీవి. ఏంటా మూతి? మొన్న కొండ మీద జుట్టు తీయించిన దగ్గర్నుంచీ నీ పేరు గుండే. జుట్టు మొలిచాక మళ్ళీ పాత పేరుతో పిలుస్తాలే. దుప్పటి సగం నీది, సగం నాది. నేను చెప్తుంటే నువ్వు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందంటే కథా ఆగిపోతుంది. తర్వాత నన్ననకు.

అనగనగా ఒక ఊళ్ళో, ఎండకి నేలంతా నెర్రెలు విచ్చిన ఊళ్ళో, అప్పన్న అని ఒక కుమ్మరి ఉండేవాడు. ఆ ఊరి పేరు బురదగుంట. నవ్వకు. పేరులోనే బురద. ఎండాకాలంలో ఆ ఊళ్ళో పిడికెడు బురద కావాలన్నా ఎవరో ఒకరు ఏడవాల్సిందే.

అప్పన్న భార్య గౌరమ్మ. వాళ్ళ కూతురు పైడితల్లి. ఊరంతా పైడీ అనేవాళ్ళు. నీ ఈడు పిల్ల. కాకపోతే నీలాగా కంచం ముందు కూర్చుని కాకుల్ని లెక్కపెట్టేది కాదు. ముద్ద నోట్లో ఉండగానే కాళ్ళు వీధిలో ఉండేవి.

ఊరి చివర ఒక కుంట ఉంది. వానలకి నిండుతుంది, ఎండలకి ఎండిపోతుంది. ఎండినప్పుడే కుమ్మరివాళ్ళకి చేతినిండా పని. కుంట గట్టు వార మెత్తటి జిగురుమట్టి ఉంటుంది. దాన్ని తవ్వి తెస్తారు. నానబెడతారు. కాళ్ళతో తొక్కుతారు. ఆ తర్వాత సారె మీద పెట్టి గిర్రున తిప్పితే కుండ లేస్తుంది.

ఒకరోజు పొద్దున్నే అప్పన్న పార భుజాన వేసుకుని కుంటకి వెళ్ళాడు. వెనకే తట్ట నెత్తిన బోర్లించుకుని పైడి వెళ్ళింది.

అప్పన్న గట్టు వార ఒక పోటు వేశాడు. మట్టి పెళ్ళ ఊడింది. రెండో పోటు వేశాడు. ఇంకో పెళ్ళ ఊడింది. మూడో పోటు వేశాడు. చప్ మంది!

మట్టి ఎక్కడైనా చప్ మంటుందా? అనదు. అప్పన్న పార పడేసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

గట్టులో చిన్న బొరియ. ఆ బొరియలో తెల్లటి గుడ్లు, ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉన్నాయి. కోడిగుడ్లలా గట్టిగా లేవు. అప్పడాల పిండి ఉండల్లా మెత్తగా ఉన్నాయి. పార అంచు తగిలి చివరి గుడ్డు చిరిగింది. ఆ చిరుగులోంచి మెల్లిగా ఒకటి బయటికొచ్చింది. ఏమొచ్చిందో చెప్పనా? వద్దా? అదిగో, చెప్పకముందే దుప్పటి ముక్కుదాకా లాగేశాడు, మహా ధైర్యవంతుడు!

పాముపిల్ల.

వానపాము కాదురా, అచ్చం పామే. అగ్గిపుల్లంత లావు, జానెడైనా లేదు పొడుగు. ఒంటినిండా నల్లటి గళ్ళు, మీ తాతయ్య లుంగీలాగా. పొట్టకి ఇంకా గుడ్డు సొన అంటుకునే ఉంది. తోక కొస పార తగిలి ఆవగింజంత తెగింది.

"నాన్నా! పాము!" అంది పైడి.

"నీరుకట్టు పిల్ల. విషం ఉండదులే," అన్నాడు అప్పన్న.

నీరుకట్టు అంటే నీళ్ళలో ఈదుతూ, కప్పల్నీ చేపల్నీ పట్టుకుని తినే పాము. అప్పన్న మిగతా గుడ్ల మీద మట్టి మెల్లిగా కప్పేశాడు. పిల్లని చేతిలోకి తీసుకుని చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"ఇంకా రోజులు నిండనేదు. నా పారే దీన్ని బయటికి లాగేసింది. కుంటలో చుక్క నీళ్ళు నేవు. ఇది బతకదమ్మా," అన్నాడు.

"బతుకుతుంది," అంది పైడి.

"ఎవులు సెప్పారు?"

"నేనే."

అప్పుడు పైడి ఆ పిల్లని అరచేతిలో పెట్టుకుని, రెండో చెయ్యి మూతలా కప్పుకుని, ఇంటికి పరుగో పరుగు!

గౌరమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. పైడి చెయ్యి తెరిచింది. గౌరమ్మ చూసింది. గౌరమ్మ అరిచిన అరుపుకి పక్కింటి గేదె పలుపు తెంపుకుంది. చేట అటు ఎగిరింది, బియ్యం ఇటు ఎగిరాయి, గౌరమ్మ ఎగిరి నులకమంచం మీద నిలబడింది.

"ఓలమ్మో! పాముని ఇంటికి తెచ్చీసినావేటే!"

"నా పార తగిలి ముందే పుట్టేసిందే గౌరీ. కుంటలోకి నీళ్ళొచ్చేదాకా ఉండనీ," అని బతిమాలాడు వెనకే వచ్చిన అప్పన్న.

"అది ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను మంచం దిగను," అంది గౌరమ్మ.

అన్నట్టే దిగలేదు. మరి వంటెలా చేసిందంటావా? మంచాన్ని పొయ్యి దగ్గరికి జరిపించుకుంది!

ఇంతలో గేదె వెనకాలే ఇంకొకావిడ పరుగెత్తుకొచ్చింది. ఆవిడ పేరు సన్యాసమ్మ. ఊళ్ళో మంత్రసాని. పురుళ్ళు పోసే ఆవిడన్నమాట. ఎక్కడ అరుపు వినిపించినా ఎవరికో నొప్పులొచ్చాయని సంచీ పట్టుకుని వచ్చేసేది. దొంగలొచ్చారని అరిచినా వచ్చేది.

"ఎవులికి? ఏ పిల్ల?" అంది రొప్పుతూ.

పైడి చెయ్యి చూపించింది. సన్యాసమ్మ వంగి చూసింది. ఒక కన్ను మూసి చూసింది. రెండో కన్ను మూసి చూసింది.

"నెల తక్కువ పిల్ల," అంది.

"అది పామే సన్యాసమ్మా!" అని మంచం మీంచి గౌరమ్మ కేక పెట్టింది.

"అయితే ఏటి? పిల్ల పిల్లే. నీ మొగుడూ నెల తక్కువోడే, నా చేతిలోనే పుట్టాడు. ఎలుకపిల్లలా ఉండేవోడు. ఇప్పుడు సూడు, గుమ్మం పట్టటం నేదు!"

అప్పన్న సిగ్గుపడి బయటికి వెళ్ళి మట్టి తొక్కడం మొదలుపెట్టాడు.

"ముందు పేరు పెట్టాలి," అంది సన్యాసమ్మ. "మంచి పేరు పెట్టామా, చావొచ్చి ముచ్చటపడి ఎత్తుకుపోతాది. ఎవులికీ అక్కర్నేని పేరు పెట్టాలి. మా పెద్దోడికి పెంటయ్యని పెట్టాను. ఇప్పుడు వాడు బస్తా బియ్యం ఒంటిచేత్తో ఎత్తుతాడు."

కుమ్మరి ఇంట్లో ఎవరికీ అక్కర్లేనిదేది? పైడి వాకిలంతా చూసింది. గోడ వార పగిలిన కుండల పెంకులు కుప్పగా పడున్నాయి.

"పెంకు!" అంది పైడి.

"బాగుంది. చావొచ్చి లోపలెవులని అడిగిందనుకో, పెంకుందని సెప్పండి. పోతాది," అంది సన్యాసమ్మ.

అలా మన పాముపిల్లకి పేరొచ్చింది. ఇక వైద్యం మొదలైంది. వైద్యమంటే అలాంటిలాంటి వైద్యం కాదు. నెల తక్కువ పసిపిల్లలకి చేసే మర్యాదలన్నీ పెంకుకి జరిగాయి!

మొదట సన్యాసమ్మ చేటలో ఊక పోసింది. ఊక మీద దూది పరిచింది. దూదిలో పెంకుని పడుకోబెట్టి, చలి తగలకుండా పక్కనే నిప్పుల కుంపటి పెట్టింది. దూది సొనకి అంటుకుంది, తోకకి అంటుకుంది, మూతికి అంటుకుంది. సాయంత్రానికి పెంకు పాముపిల్లలా లేదు. దీపంలో వెయ్యడానికి చేసిన వత్తిలా ఉంది. పైడి కూర్చుని ఒక్కొక్క పోగూ పీకింది.

ఆ తర్వాత సన్యాసమ్మ ఉగ్గుగిన్నె తీసింది. "నాగులచవితికి పుట్టలో పాలు పొయ్యటం నేదేటి? పాముకి పాలు కాక ఇంకేటి పడతాం?" అని బొట్టు బొట్టుగా మూతి మీద వేసింది. పెంకు తాగితేనా! పాలు ముక్కులోకి వెళ్ళాయి. పెంకు చిన్న బుడగ ఊదింది. ఏ పామైనా పాలు తాగుతుందా గుండూ? తాగదు. పుట్టలో పోసిన పాలు పుట్టే తాగుతుంది. పెంకు పాలు మాత్రం చీమలు తాగాయి. చీమల బారు చూసి గౌరమ్మ ఉండబట్టలేక మంచం మీంచి ఒక కాలు దింపింది. చీపురుతో చీమల్ని చిమ్మేసి, కాలు మళ్ళీ పైకి లాగేసుకుంది.

మూడోసారి సన్యాసమ్మ సాంబ్రాణి వేసింది. పసిపిల్లలకి పొగ పట్టినట్టు చేట ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ ఊపింది. ఇల్లంతా పొగే! పైడి దగ్గింది. సన్యాసమ్మ దగ్గింది. మంచం మీద గౌరమ్మ దగ్గి దగ్గి రెండు కాళ్ళూ దింపేసి వాకిట్లోకి పారిపోయింది. దగ్గనిది పెంకు ఒక్కటే. తాడుముక్కలా కదలకుండా పడుంది.

ఏంటి? నీళ్ళ పాముకి నీళ్ళు పొయ్యాలి కదా అంటావా? అబ్బో! నీకున్న తెలివి ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది. పైడీ అదే అడిగింది. "నీళ్ళా! పసిగుడ్డుకి నీళ్ళు తగిలితే పడిశం పట్టదేటి?" అని సన్యాసమ్మ కళ్ళెర్రజేసింది. ఊళ్ళో సగం మందిని భూమ్మీదికి దింపిన ఆవిడ అంటే ఇంక ఎదురేముంటుంది?

పైడి పెంకు పక్కనే బోర్లా పడుకుంది. వేలితో మెల్లిగా తాకింది. పెంకు ఒళ్ళు ముడతలు పడింది. ఎండిన చింతపండు తొక్కలా గరగర్లాడింది. నిన్న వేలికి చుట్టుకున్నది ఇవాళ కళ్ళు కూడా తిప్పడం లేదు. పైడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బతుకుతుందని నేనే చెప్పాను," అని గొణిగింది. "నువ్వు నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు పెంకూ."

సరిగ్గా అప్పుడు పెరట్లో టప్ మని చప్పుడైంది!

పైడి పరుగెత్తింది. కొత్తగా చేసిన కుండలు పెరట్లో నీడన వరసగా ఉన్నాయి. ఇంకా ఆవంలో పెట్టి కాల్చలేదు. అలాంటివాటిని పచ్చికుండలంటారు. వాటి మీద తడిగోనెలు కప్పి ఉంచుతారు. గాలికి ఒక గోనె ఎగిరిపోయింది. ఎండ ఒక కుండ మీద పడింది. ఆ కుండ నిలువునా నెర్రె విచ్చింది.

అప్పన్న తల పట్టుకున్నాడు. "పచ్చికుండ కదమ్మా! లోపల తడి ఉండగానే పైన ఎండ తగిలితే పగలక ఏటి సేస్తాది? మెల్లిగా ఆరాలి. తడిగోనె కింద, నీడన, ఎవులూ ముట్టుకోకుండా."

పైడి ఆ మాట విన్నది. పగిలిన కుండని చూసింది. తలుపులోంచి చేట కేసి చూసింది. మళ్ళీ కుండని చూసింది.

"నాన్నా! పెంకు కూడా పచ్చికుండే!" అని ఒక్క గెంతు గెంతింది.

అప్పన్న గబగబా లేచి కొత్త బాన ఒకటి తెచ్చాడు. పైడి అడుగున కుంట మట్టి నానబెట్టి పరిచింది. మట్టి మీద పెంకుని వదిలింది. పైన గోనె కప్పాలి. గోనె తడపాలి. నీళ్ళేవి?

నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడింది ఎవరనుకున్నావు? గౌరమ్మ! ఈసారి తనంతట తనే మంచం దిగి వచ్చేసింది.

"నాకు పామంటే భయమే," అంది గోనె తడుపుతూ. "పామంటేనే భయం. పచ్చికుండంటే కాదు."

"పడిశం పడతాది! నా మాట వినండి, పడిశం పడతాది!" అని సన్యాసమ్మ వాకిట్లో కూర్చుని గోల పెట్టింది.

పడిశం పట్టలేదు. పొద్దున్నే పైడి గోనె ఎత్తింది. బానలో మట్టి మాత్రమే ఉంది. పెంకు లేదు! పైడి వేలితో మట్టి కదిపింది. మట్టిలోంచి చిన్న మూతి బయటికొచ్చింది. మూతిలోంచి ఇంకా చిన్న నాలుక బయటికొచ్చి, సర్రున లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది!

"అమ్మా! నాలుక చూపిస్తోంది!"

"సన్యాసమ్మకి చూపించమను," అంది గౌరమ్మ.

పొట్టకున్న సొన మెల్లమెల్లగా లోపలికి ఇంకిపోయింది. ముడతలు పోయాయి. పెంకు బానంతా గుండ్రంగా తిరిగేది. పైడి రోజూ గోనె తడిపేది, చూసేది, కప్పేది. ఎత్తుకుని ఆడుకోవాలని ఎంతున్నా ముట్టుకునేది కాదు. నీకైతే చేతులు ఆగుతాయా?

అంతా బాగుందనుకున్నారు. అప్పుడు ఒకరోజు పెంకు కళ్ళు తెల్లబడ్డాయి. రెండు కళ్ళ మీదా పాలు పోసినట్టు తెల్లటి పొర!

"సెప్పానా! నీళ్ళు తగిల్చారు, గుడ్డిదైపోయింది," అని సన్యాసమ్మ ఆముదం సీసా తీసింది. "కంట్లో ఒక్క చుక్క..."

పైడి బాన మీద అడ్డంగా వాలిపోయింది. రెండు చేతులూ చాపి కావలించుకుంది.

"ముట్టుకోవద్దు! పచ్చిగా ఉన్నప్పుడు ఎవరూ ముట్టుకోకూడదు! నాన్న చెప్పాడు!"

"నేను చెప్పింది కుండ గురించమ్మా," అన్నాడు అప్పన్న భయంభయంగా.

పైడికీ భయంగానే ఉంది. కళ్ళు నిజంగా పోయుంటే? తనే పోగొట్టి ఉంటే? అయినా బాన వదల్లేదు. సన్యాసమ్మ మూతి ముడుచుకుని సీసాకి బిరడా పెట్టేసింది. పైడి అన్నం కూడా బాన పక్కనే తింది. ఎలాగోలా రెండు రోజులు గడిచాయి. మర్నాడు గోనె ఎత్తితే బానలో రెండు పాములున్నాయి!

హహ్హ! ఎలా లేచి కూర్చున్నాడో చూడు! పడుకో, పడుకో.

ఒకటి పెంకు. నల్లగా నిగనిగలాడుతూ, కాటుక పెట్టినట్టు రెండు కళ్ళూ మెరిపిస్తోంది. రెండోది పెంకు విప్పేసిన చొక్కా! పలచగా, తెల్లగా, ఊదితే ఎగిరేలా ఉంది. దాన్నే కుబుసం అంటారు. కుబుసం విడిచే ముందు పాము కళ్ళు అలాగే తెల్లబడతాయి. ఆ కుబుసం తోక కూడా కొస లేకుండా మొండిగానే ఉంది.

"నా చేతి మహిమ," అంది సన్యాసమ్మ. ఎవరూ కాదనలేదు.

అయితే కొత్త చొక్కా వేసుకున్నవాడికి ఆకలెయ్యదూ? పెంకుకి ఆకలేసింది. సొన అయిపోయింది. పైడి అన్నం మెతుకు పెట్టింది. వాసన చూసి తల తిప్పుకుంది. గౌరమ్మ ఎండుచేప ముక్క పెట్టింది. దాని మీదెక్కి అవతలికి దిగిపోయింది. సన్యాసమ్మ చలువ చేస్తుందని సగ్గుబియ్యం జావ పెట్టింది. అందులో తోక పెట్టింది.

దానికి కావలసింది తోకకప్పలు. కప్పపిల్లలకి చిన్నప్పుడు తోకలుంటాయి కదా, అవి. తోకకప్పలు రావాలంటే కప్పలు రావాలి. కప్పలు రావాలంటే వాన రావాలి. వాన ఎక్కడుంది? బురదగుంటలో బురదే లేదు!

పెంకు రోజురోజుకీ సన్నబడింది. కొత్త చొక్కా వదులైపోయింది. పైడి అరుగెక్కి ఆకాశం చూడటం మొదలుపెట్టింది.

మొదటి మబ్బు వచ్చింది. ఊరంతా పిడకలు లోపల పెట్టుకుంది. గాలొచ్చి మబ్బుని పక్కూరికి తోలుకుపోయింది.

రెండో మబ్బు వచ్చింది. మూడు చుక్కలు రాల్చింది. ఒకటి పైడి ముక్కు మీద, ఒకటి పక్కింటి గేదె వీపు మీద, ఒకటి సన్యాసమ్మ నోట్లోని తాంబూలం మీద. అంతే!

మూడో మబ్బు వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. పిడకలు కూడా తియ్యలేదు. అదిగో, అప్పుడు కురిసింది చూడు! దబదబా, దడదడా, చూరులోంచి ధారలు, వీధిలో కాలవలు! అప్పన్న పచ్చికుండల్ని కాపాడుకోవడానికి పరుగెత్తాడు. గౌరమ్మ పిడకల కోసం పరుగెత్తింది. పైడి బాన ఎత్తుకుని వాకిట్లోకి పరుగెత్తింది. గోనె తీసేసింది. మొదటి వాన పెంకు మీద పడింది. పెంకు తలెత్తి, నోరు తెరిచి, ఇంత నాలుక చాపింది!

"తాగుతోంది! అమ్మా, వాన తాగుతోంది!"

"పడిశం..." అని మొదలుపెట్టి సన్యాసమ్మ తనే ఆగిపోయింది. తడిసి ముద్దయి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది.

ఆ రాత్రికే కప్పల కచేరీ మొదలైంది. బెకబెక, బెకబెక! ఎవరికీ నిద్ర లేదు. పైడి మాత్రం చెవులు రిక్కించి "ఇంకా అరవండి, ఇంకా గుడ్లు పెట్టండి" అంది. ఆ తర్వాత పైడి రోజూ కుంటకెళ్ళి చూసి వచ్చేది. గుడ్లు. ఇంకా గుడ్లే. ఇంకా గుడ్లే! ఇంట్లో పెంకు తల ఎత్తడం మానేసింది. ఒకనాటి పొద్దున చివరికి నీళ్ళలో నల్లటి చుక్కలు తోకలాడించాయి!

పైడి ముంత ముంచింది. ఒక్క పరుగున ఇంటికొచ్చింది. పెద్ద గోలెంలో నీళ్ళు పోసి, తోకకప్పల్ని వదిలి, అందులోకి పెంకుని దింపింది. నలుగురూ గోలెం చుట్టూ తలలు పెట్టారు.

పెంకు నీళ్ళ మీద పుల్లలా తేలింది. కదల్లేదు. ఒక తోకకప్ప ముక్కు ముందు నుంచి పోయింది. పెంకు తల తిరిగింది. దూకింది. దొరకలేదు!

"అటు కాదే, ఇటు! ఇటు!" అని గౌరమ్మ.

రెండోసారి దూకింది. తన మొండితోక తనే కరుచుకుంది!

"ఓసి పిచ్చిదానా, అది నీదే!" అని సన్యాసమ్మ.

మూడోసారి పెంకు దూకలేదు. కొయ్యలా ఆగింది. తోకకప్ప తనంతట తనే దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. లటుక్కున పట్టింది! గుటుక్కున మింగింది!

బురదగుంటలో ఎప్పుడూ అంత గోల వినిపించలేదు. పైడి గెంతింది. అప్పన్న చప్పట్లు కొట్టాడు. గౌరమ్మ పాముని చూసి మొదటిసారి అరిచినంత గట్టిగా మళ్ళీ అరిచింది, ఈసారి సంతోషంతో. పక్కింటి గేదె మళ్ళీ పలుపు తెంపుకుంది!

పెంకు బొద్దుగా అయింది. కుంట నిండింది. అప్పన్న ఒకరోజు పైడి పక్కన కూర్చున్నాడు.

"నీళ్ళొచ్చేదాకా అన్నాం కదమ్మా," అన్నాడు.

పైడి తల దించుకుంది. ఉంచేసుకుంటానందామనుకుంది. గోలెంలో పెంకు అంచు వెంట తిరుగుతోంది. తిరుగుతోంది, తిరుగుతోంది, వెళ్ళడానికి చోటు లేక మళ్ళీ మొదటికే వస్తోంది. పైడి చాలాసేపు చూసింది.

"సరే," అంది.

"మనింట్లో పెరిగిన పిల్లని ఉత్తచేతుల్తో పంపుతామేటి? సారె పెట్టాలి," అంది గౌరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. అవును, మంచం దిగనన్న గౌరమ్మే! ఆవిడ చలిమిడి చేసింది. చలిమిడి పెంకు తినదు కదా, పెంకు తరఫున పైడి తినేసింది. సన్యాసమ్మ తరఫున సన్యాసమ్మ తింది. పెంకుకి సారెగా ముంతెడు తోకకప్పలు!

పెంకుని మళ్ళీ బానలో పెట్టుకుని నలుగురూ కుంటకి వెళ్ళారు. గట్టు వార నీళ్ళలో ఏవో సన్నగా మెలికలు తిరుగుతున్నాయి. అప్పన్న మట్టి కప్పిన గుడ్లు గుర్తున్నాయా? రోజులు నిండి, వాన పడ్డాక, తీరిగ్గా బయటికొచ్చాయి. పెంకు తోబుట్టువులు! అందరికంటే ముందు పుట్టింది పెంకే. అందరికంటే చిన్నదీ పెంకే.

పైడి బాన ఒరిగించింది. పెంకు నీళ్ళలోకి జారింది. ఒక మెలిక, రెండు మెలికలు, మూడు మెలికలు. వెనక్కి తిరిగి చూసిందా అంటావా? లేదు. పాముపిల్ల కదా, మర్యాదలు తెలీవు. పైడి ఏడ్చిందా అంటావా? కొంచెం. చలిమిడి వేళ్ళకి ఇంకా అంటుకునుంది. అది నాక్కుంటూ ఏడ్చింది. బానని మాత్రం అక్కడే గట్టు వార పడుకోబెట్టి వచ్చింది, ఎప్పుడైనా ఇల్లు కావాలంటే ఉంటుందని.

వానలు వెళ్ళాయి, చలి వచ్చింది, మళ్ళీ ఎండలొచ్చాయి. కుంట ఎండింది. అప్పన్న పార భుజాన వేసుకున్నాడు. పైడి తట్ట బోర్లించుకుంది. గట్టు దగ్గర బాన అలాగే ఉంది. పైడి చెయ్యి పెట్టలేదు, వంగి చూసింది. లోపల తెల్లగా ఏదో ఉంది.

కుబుసం! పైడి చెయ్యి చాపితే ఎంతుంటుందో అంత పొడుగు! కొసదాకా చూసింది. కొస లేదు. తోక మొండిగా ఉంది.

"నాన్నా! ఇంటికొచ్చి వెళ్ళింది!"

అప్పన్న పార ఎత్తబోయి ఆగాడు. కింద పెట్టేశాడు. అప్పుడు పైడి గట్టు దగ్గర కూర్చుని, మట్టి మీద మూడుసార్లు అరచేత్తో తట్టింది.

"లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

చెవి పెట్టి వింది. ఎవరూ పలకలేదు. అయినా ఇంకాస్త అవతలికి జరిగి తవ్వమంది. ఆ రోజు నుంచీ బురదగుంట కుమ్మరివాళ్ళు ఎవరు మట్టికి వెళ్ళినా మొదటి పోటు వెయ్యరు. ముందు మూడుసార్లు తడతారు. లోపల ఎవరైనా ఉన్నారా అని అడుగుతారు. అప్పుడే పార ఎత్తుతారు.

ఏరా, ఊఁ ఏది? ఊఁ ఆగిపోయిందేం? ఉండు, నీ గుండు మీద కూడా తట్టి చూస్తా. ఒకటి, రెండు, మూడు. లోపల ఎవరైనా ఉన్నారా?

పలకడం లేదు. అయితే మెల్లిగా చెప్పాలి, పచ్చికుండ నిద్రపోతోంది.

పచ్చికుండ ఆవానికి,
పెద్ద మబ్బు వానకి,
ముంతెడు సారె పెంకుకి,
మొండితోక కుంటకి,
కథేమో కంచికి,
గుండుగాడు నిద్దరకి,
దుప్పటి మొత్తం... నీకే.